నేను చూడని గోల్

నన్ను తిట్టని ఊరేదైనా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఇంకా మిగిలి ఉంటే చెప్పండి, వెళ్లి ఒక మ్యాచ్ ఆడించి వస్తాను. బడిలో వ్యాయామోపాధ్యాయుడిగా నాకు జీతం వచ్చేది. ఆదివారాలు మైదానంలో ఫుట్‌బాల్ రెఫరీగా శాపనార్థాలు వచ్చేవి. మొదటిది నెలకొకసారి, రెండోది వారం వారం. ఊదింది ఈల, మిగిలింది గోల అని మా ఆవిడ ఒక్క ముక్కలో నా సర్వీసు పుస్తకం రాసేసింది.

ఈ మధ్య జనగామలో కొత్త రెఫరీల శిక్షణకు నన్ను పిలిచారు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పరుగెత్తాలి అని నాలుగు కాగితాలు రాసుకుపోయాను. మొదటి ప్రశ్నతోనే ఆ కాగితాలు జేబులోకి వెళ్లిపోయాయి. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె లేచి అడిగింది.

“సార్, పెద్ద మ్యాచులల్ల టీవీల చూసి గోలా కాదా అని చెప్తున్నరు గదా. గది మనకు గుడ వస్తె మంచిదేనా? వస్తె ఇగ మనతోని ఏం పని?”

“మంచిదే” అన్నాను. “కానీ” అన్నాను. ఇంతలో టీ వచ్చింది, బతికిపోయాను.

ఆ ‘కానీ’ తర్వాత చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఎన్ని పోటీలకు వెళ్లాను, ఏ సర్టిఫికెట్లు తెచ్చాను అన్నవి ఇందులో ఉండవు. అవి గోడకున్నాయి. ఆసక్తి ఉంటే వచ్చి చూడండి, కాస్త దుమ్ము కూడా దులిపిపోండి.

యాదగిరి సార్ నేర్పినవి రెండు

నాకు ఈల పట్టుకోవడం నేర్పింది జనగామలో ఉండే యాదగిరి సార్. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. పొట్టిగా ఉండేవారు, మైదానంలో మాత్రం ఎక్కడ చూసినా ఆయనే కనిపించేవారు. మొదటి రోజు నా మెడలో ఈల వేసి, వెంటనే మళ్లీ తీసేసుకున్నారు.

“నెల దినాలు ఈల లేకుంట ఉరుకు. ఈల మూతిల ఉంటది గని, రెఫరీ కాళ్లల్ల ఉంటడు” అన్నారు.

నెల రోజులు వట్టి మూతితో పరుగెత్తాను. జనం నవ్వారు. “సార్, బంతి పోయింది, ఇగ ఆగుర్రి” అని పిల్లలు వెనకనుంచి అరిచారు. నెల తర్వాత నాకర్థమైంది ఏమిటంటే, సరైన చోట ఉన్నవాడికి ఆలోచించాల్సింది చాలా తక్కువ. బంతికి పది అడుగుల దూరంలో ఉన్నవాడు చూస్తాడు, ముప్ఫై అడుగుల దూరంలో ఉన్నవాడు ఊహిస్తాడు. ఈ మాట ఇప్పటికీ అక్షరాలా నిజం. కొత్తవాళ్లు దీన్ని మాత్రం రాసుకోండి.

ఆయన రెండో పాఠం కూడా చెప్పారు. “ఊదిన ఈల, ఉమ్మిన ఉమ్మి మళ్ల నోట్లెకు తీస్కోవద్దు. తప్పైతె తప్పేనాయె, నిమ్మళంగ ఉండు. ఒక్కసారి ‘తప్పైంది’ అన్నవనుకో, ఆ ఊర్ల నీ ఈల ఎవ్వడు ఇనడు.”

నేను యాదగిరి సార్‌ను గురువుగానే తలుచుకుంటాను. కానీ ఈ రెండో పాఠం తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ ఖర్చు నేను పెట్టుకోలేదు, ఇంకొకడు పెట్టుకున్నాడు. అతని సంగతి చెప్పడానికే ఇదంతా.

జెండా ఎందుకు లేచింది

అంతకు ముందు తొర్రూరు జెండా గురించి చెప్పాలి. ఎందుకంటే మనిషి కన్ను ఎంత మోసం చేస్తుందో, మనిషి మర్యాద కూడా అంతే చేస్తుంది.

ఆఫ్‌సైడ్ చూడ్డానికి గీత మీద జెండా పట్టుకుని ఒకరుండాలి. ఒకసారి తొర్రూరులో ఆ మనిషి రాలేదు. బట్టల దుకాణం వీరేశం సేటు ముందుకొచ్చాడు. ఆటంటే ప్రాణం, నియమాలన్నీ నోటికొచ్చు. జెండా గుడ్డ కూడా తన దుకాణంలోదే, మంచి ఎర్ర పాప్లిన్. ఆట మంచి ఊపులో ఉండగా సేటు జెండా పైకి లేచింది. నేను ఈల ఊదాను. ఊదే వేళకే బంతి గోల్‌లో పడింది. ఆఫ్‌సైడ్ కాబట్టి గోల్ లేదన్నాను. ఆ జట్టు మొత్తం నా మీదికి వచ్చింది. నేను సేటు దగ్గరికి వెళ్లాను.

“ఎవరు ఆఫ్‌సైడ్ సేటూ?”

“ఆఫ్‌సైడా? ఎవ్వరు లేరు సార్.”

“మరి జెండా ఎందుకెత్తినవ్?”

సేటు మొహం పాప్లిన్ కన్నా ఎర్రబడింది. “గా పటేలు నమస్తె పెట్టిండు సార్. మా పాత గిరాకి. తిరిగి పెట్టకుంటె ఏమనుకుంటడు?”

చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. చేతిలో జెండా ఉన్న సంగతి చేతికి గుర్తులేదు. నేను యాదగిరి సార్ శిష్యుణ్ణి కాబట్టి ఉమ్మి తిరిగి తీసుకోలేదు. గోల్ పోయింది. ఆ జట్టు ఓడింది. దాన్ని నవ్వులాటగా చాలా ఏళ్లు చెప్పుకున్నాను, మీరూ నవ్వుకోండి. ఓడిన జట్టు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

భూపాలపల్లి ఆట

తెలంగాణ ఉద్యమం మాంచి వేడి మీద ఉంది. సమ్మెలో బళ్లు మూశారు, బస్సులు ఆగాయి, బొగ్గు బాయిలు కూడా ఆగాయి. భూపాలపల్లిలో పని లేని బాయి కార్మికులు పొద్దంతా దీక్షా శిబిరంలో కూచునేవారు. రోజుకొక బృందం వంతు. పొద్దున పేర్లు చదివి, కండువాలు వేసి కూచోబెట్టేవారు. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపేవారు. జనంలో ఉత్సాహం తగ్గకుండా ఒక ఆదివారం ఫుట్‌బాల్ పెట్టారు. భూపాలపల్లి బాయి కార్మికుల జట్టుకూ, మహబూబాబాద్ రైల్వే కాలనీ జట్టుకూ ఆట. అటూ ఇటూ కాని జనగామ వాణ్ణని నన్ను రెఫరీగా పిలిచారు.

పొద్దున వాన పడింది. నల్లరేగడి. సున్నంతో గీసిన గీతలు సగం కరిగిపోయాయి. ఉన్న ఒక్క వలను అవతలి గోల్‌కు కట్టారు, ఇవతలి గోల్‌కు రెండు కర్రలూ అడ్డకర్రా తప్ప ఏమీ లేవు. మైదానం పక్కన వేదిక, వేదిక మీద ముఖ్య అతిథి, ఆయన పక్కన మైకు. మైకు పట్టుకున్నది మల్లయ్య. బాయి పని చేసి రిటైరైన పెద్దాయన. శిబిరంలో పేర్లు చదివేదీ ఆయనే, ఆ రోజు ఆట చెప్పిందీ ఆయనే. మహబూబాబాద్ వాళ్లు వ్యానులో నలభై మందిని తెచ్చుకున్నారు. వాళ్లంతా ఆ వల లేని గోల్ వెనకే నిలబడ్డారు.

ఆ గోల్‌లో ఉన్నది సీను, భూపాలపల్లి గోల్‌కీపర్. వాళ్ల నాయన ఎప్పుడో కోస్తా నుంచి బాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. సీను పుట్టిందీ, పెరిగిందీ, బాయిలో చేరిందీ ఇక్కడే. ఇంట్లో నాయన మాట, బయట ఊరి మాట. రెండూ కలవకుండా జాగ్రత్తపడేవాడు.

ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మహబూబాబాద్ వాడొకడు దూరంనుంచి కొట్టాడు. బంతి అడ్డకర్ర కింది అంచుకు తగిలి నిట్టనిలువునా బురదలో పడింది. సీను దాని మీద పడి లాగేశాడు. నేను ఎక్కడున్నాను? యాదగిరి సార్ సిగ్గుపడే చోట. అంతకు ముందే బురదలో జారాను. లేచి పరుగెత్తుతున్నాను. నా కళ్లకు కనిపించింది సీను వీపు, చింది పడ్డ బురద, అంతే. బంతి గీత దాటిందో లేదో తెలియదు. అసలు గీతే లేదు.

ఈల ఊది సెంటర్ వైపు చెయ్యి చూపించాను. గోల్.

ఒకటీ సున్నాతో ఆట ముగిసింది. భూపాలపల్లి కెప్టెన్ కొమురయ్య నాతో చెయ్యి కలిపి మర్యాదగానే వెళ్లాడు. సీనుతో మాత్రం కలపలేదు.

బైకు మీద వచ్చిన మనిషి

పదమూడో రోజు, శనివారం మధ్యాహ్నం, సీను జనగామలో మా ఇంటి ముందు బైకు దిగాడు. మంచినీళ్లు తాగాడు.

“రేపు శిబిరంల మా టీము వంతు సార్” అన్నాడు గ్లాసు కింద పెట్టి. “పేర్ల పట్టీల నా పేరు కొట్టేశిండ్రు.”

“ఎందుకు?”

“గోలు నేనే ఇడిశిపెట్టిన్నట. ఎంతైనా ఆంధ్రోడే గదా, తెలంగాణోళ్లు గెలిస్తె ఓర్వడు అంటున్నరు.”

“గెలిచింది గూడ తెలంగాణోళ్లే గదా” అన్నాను, హాస్యం పనికొస్తుందేమో అని.

“నేను గుడ గదే అన్న సార్. ‘గాల్లను గెలిపిచ్చి మన ఇజ్జత్ తీశినవ్’ అన్నరు.”

హాస్యం పనికిరాలేదు.

“కొమురన్న, నేను ఆరేండ్ల సంది ఒక్క షిఫ్టు. ఒకసారి పైకప్పు బండ జారితె నన్ను గుంజి పక్కకేశిండు. గిప్పుడు ఎదురొస్తె తల తిప్పుకుంటుండు. రేపు గనక నేను ఆ వరుసల కూసోకుంటె, ఇగ ఎన్నటికి కూసోను సార్. మీరే దగ్గర ఉన్నది. ఏం జరిగిందో చూసిండ్రు గదా. మావోళ్లకు ఒక్క మాట చెప్పుండ్రి.”

చూశారు కదా, అన్నాడు. చూడలేదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. యాదగిరి సార్ నా నాలుక మీద కూచున్నారు. అప్పుడు తప్పించుకునే దారి ఒకటి తట్టింది.

“ఆ రోజు వీడియో తీసిండు గదా రవీందర్. మా జనగామ పిలగాడే. పా, టేపు చూద్దాం.”

టేపులో ఏముంది

రవీందర్‌ది పెళ్లి వీడియోల స్టూడియో. ఉద్యమం మొదలయ్యాక ఊరూరి శిబిరాలు, ర్యాలీలు తీసి సీడీలు చేసేవాడు. సంగతి విని వెంటనే టీవీ పెట్టాడు. ముగ్గురం ముక్కులు ఆనించి కూచున్నాం. నాకు లోపల గుబులుగానూ ఉంది, ఆత్రంగానూ ఉంది. అప్పటికి ముందటి ప్రపంచ కప్పులో బంతి గీత దాటి లోపల పడినా రెఫరీ గోల్ ఇవ్వలేదు. ప్రపంచమంతా టీవీలో చూసింది, ఆయనొక్కడే చూడలేదు. ఆ పెద్దమనిషికి దొరకని అవకాశం నాకు దొరికింది అనుకున్నాను.

మహబూబాబాద్ వాడు కొట్టాడు. బంతి లేచింది. కెమెరా దాని వెంటే వెళ్తోంది. గోల్ దగ్గరికి వస్తోంది. సీను గాల్లోకి లేస్తున్నాడు.

టక్కున తెర మీద ముఖ్య అతిథి ప్రత్యక్షమయ్యాడు. కుర్చీలోంచి లేస్తున్నాడు, ఎవరో శాలువా కప్పుతున్నారు, ఆయన రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు.

“బంతి ఏదిరా?” అన్నాను.

“సారూ, పెద్దమనిషి కుర్సీలకెల్లి లేశిండంటె కెమెరా అటు తిరగాలె. మా గురువు నేర్పింది గదే. పెండ్లిల పిల్ల మొఖం ఒక్క నిమిషం, వచ్చినోళ్ల మొఖాలు అర్ధగంట. రేపు సీడీల ఆయన లేకుంటె నన్ను మళ్ల పిలుస్తరా? బంతి ఏమన్న సీడీ అడుగుతదా?”

వీరేశం సేటు చెయ్యి గుర్తొచ్చింది. కెమెరాకు కూడా మర్యాద నేర్పారు. సీను తల దించుకున్నాడు. నేను లేవబోయాను.

“ఆగుండ్రి సార్. మల్లొక్కసారి పెడ్త” అన్నాడు రవీందర్, తప్పు చేసినవాడిలా.

రెండోసారి చూడ్డానికేమీ లేదు కాబట్టి విన్నాను. శాలువా కప్పుతుండగా, దూరంగా గోల్ వెనకనుంచి ఒక్కసారిగా కేకలు. వెంటనే మల్లయ్య గొంతు మైకులో, “గోల్! మానుకోట గోల్!” మహబూబాబాద్‌ను ఇక్కడ మానుకోట అనే అంటారు. ఆ తర్వాత, కాస్త తేరుకునేంత వ్యవధి. అప్పుడు ఈల.

నా ఈల.

“ఇంకోసారి” అన్నాను. అయిదు సార్లు వేయించాను. ప్రతిసారీ అదే వరుస. కేకలు, మైకు, ఈల. గోల్ అని నిర్ణయించింది నేను కాదు. భూపాలపల్లి వాడైన మల్లయ్యే గోల్ అంటున్నాడంటే ఇంకేం అనుమానం అని నా చెవి నా మూతికి చెప్పింది. ఈ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. నేనే ఏదో చూసి ఊదానని పదమూడు రోజులూ నమ్మాను.

బంతిని పట్టుకోవడానికి వెళ్లిన వీడియోలో నేను పట్టుబడ్డాను.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు

ఇక్కడ కాసేపు ఆగి, నాకు తోచింది చెప్తాను.

యంత్రం రావాలి. బంతి గీత దాటిందా లేదా అన్నది అభిప్రాయం కాదు. దాన్ని లావుపాటి మనిషి ఊపిరి మీద, వాన నీళ్ల మీద, ఆ రోజు ఆయన షూ అడుగు మీద వదిలెయ్యకూడదు. ఆ భారం ఎవరైనా దించుతానంటే నేను దండం పెడతాను. రెఫరీ విలువ పోతుంది అనేవాళ్లను చూశాను. తెలియనిది తెలిసినట్టు ఊదడంలో నాకు ఏ విలువా కనిపించలేదు.

కానీ తోసిందా తగిలిందా, కావాలని చేశాడా అన్నవి వేరు. వాటిని తెర మీద మెల్లగా తిప్పి తిప్పి చూస్తే ప్రతి చెయ్యీ నేరం చేస్తున్నట్టే ఉంటుంది. మా ఆవిడ అన్నం వడ్డించడాన్ని అంత మెల్లగా తిప్పి చూపిస్తే, గరిటె నా మీదికే ఎత్తిందని మీరు సాక్ష్యం చెప్తారు. అక్కడ యంత్రం ఎంతవరకు పనికొస్తుందో నాకు నిజంగా తెలియదు. ఇప్పుడు టీవీలో మ్యాచ్ చూస్తూ, తెర మీద బొమ్మ రాకముందే నేనొక నిర్ణయం చెప్పి, తర్వాత సరిచూసుకుంటాను. సగం తప్పుతున్నాను. అందులోనూ సగం సార్లు తెరే తప్పిందని నా అనుమానం.

ఇంకొకటి కూడా నన్ను తొలుస్తుంది. కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఆ చేతికి ఎటు తిరగడం అలవాటు? పెద్ద మైదానాల్లో ఇరవై కెమెరాలుంటాయి, ఒకటి అతిథి వైపు తిరిగినా పందొమ్మిది మిగులుతాయి. మనకున్నది ఒక్క రవీందర్. అందుకని యంత్రం వచ్చేదాకా, వచ్చాక కూడా, కొత్తవాళ్లు ఒక వాక్యం అభ్యాసం చెయ్యండి. “నేను చూడలేదు.” పలకడం చాలా కష్టం. నాకు నలభై ఏడో ఏట వచ్చింది.

శిబిరం

ఆ రాత్రి సీను మా ఇంట్లోనే పడుకున్నాడు. ఆదివారం తెల్లవారకముందే బైకు మీద బయల్దేరాం. రేగొండ దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పెద్దామె గరిటె అడ్డం పెట్టి మమ్మల్ని ఆపింది.

“తినకుంట పోతె దారియ్యం. కూసోండ్రి.”

నేను వెంటనే కూచున్నాను. ఉద్యమానికి నా వంతు సేవ రెండు విస్తర్లు. సీను కూచోలేదు.

“ఏం బిడ్డా, నా చేతి బువ్వ తినవా?”

“గట్ల కాదవ్వా. ఇయ్యాల నాకు దీక్షుంది.”

పట్టీలో పేరు లేదు. అయినా దీక్ష ఉంది అన్నాడు. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. (కాసేపే. ఆకలి కూడా నిజమే.)

భూపాలపల్లి చేరేసరికి కొమురయ్య, మిగతా ఆటగాళ్లు అప్పటికే కండువాలు వేసుకుని వరుసగా కూచున్నారు. సీను బైకు దగ్గరే నిలబడిపోయాడు. శిబిరంలో మైకు ఎవరడిగినా ఇస్తారు, అది అక్కడి పద్ధతి. మల్లయ్య నన్ను చూసి, “మన అంపైర్ సార్ సంఘీభావం చెప్పనీకి వచ్చిండు” అని ప్రకటించి మైకు ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు. అవే చివరి చప్పట్లు అనుకున్నాను.

“నేను సంఘీభావం చెప్పడానికి రాలేదు. అది ఎప్పుడూ ఉన్నదే” అన్నాను. “ఆనాటి గోల్ నేను చూడలేదు. నాకు బంతి కనబడలేదు. మల్లయ్యన్న మైకులో గోల్ అంటే విని ఊదాను. తప్పు నాది.”

అందరికన్నా పెద్దగా అరిచింది మల్లయ్యే.

“నా మీదికి తెస్తున్నవేంది సారూ! నేను యాడ జూశిన? పెద్దమనిషికి శాలువ కప్పుతుంటె అటు చూస్తున్న. ఎనక జనం గోల్ గోల్ అని మొత్తుకున్నరు, నేను గదే అన్న!”

“ఆ జనం మానుకోటోళ్లు గదనే మల్లన్నా” అన్నాడు వరుసలోంచి ఒకడు. “వాళ్లు వ్యాను దిగినకాన్నుంచి గోల్ గోల్ అనే మొత్తుకుంటున్నరు!”

ఎవరో కిసుక్కుమన్నారు. నేను కొమురయ్య వైపు తిరిగాను.

“కొమురయ్యా, నువ్వు చూసినవా?”

కొమురయ్య నేల చూశాడు. “నేను సెంటర్ల ఉన్న సార్. మీ ఈల ఇని గోలనుకున్న.”

నేను మల్లయ్యను నమ్మాను. మల్లయ్య జనాన్ని నమ్మాడు. కొమురయ్య నన్ను నమ్మాడు. ఇంత మందిమి కలిసి ఒక గోల్ చేశాం, ఒక్కరమూ చూడలేదు. దానికి దగ్గరగా ఉన్న మనిషి ఒక్కడే. నిన్న మధ్యాహ్నం నుంచి అతనితోనే ఉన్నాను. ఒకే బైకు మీద అతని వెనకే కూచుని ఇంత దూరం వచ్చాను. నేను కూడా అడగలేదు.

“సీనూ, ఇటు రా. అసలేమైంది?”

అతను వచ్చాడు. మైకు పట్టుకున్నాడు. ఎన్నేళ్లుగానో జాగ్రత్తగా దాచుకున్న నాయన మాట ఒక్కసారిగా బయటపడిపోయింది.

“నాకూ తెలీదండి. కళ్లల్లో మట్టి పడింది. బంతి ఎక్కడ పడిందో నేనూ చూళ్లేదు. చేతికి తగిలింది, లాగేశాను. కానీ నేను వదిలెయ్యలేదండి.”

ఆ యాసలో ఆ శిబిరంలో ఎవరైనా మాట్లాడితే మామూలుగా ఏమయ్యేదో మీకు తెలుసు. సినిమాల్లో మన మాటను వెక్కిరించిన కోపం అప్పటికి ఎవరిలోనూ చల్లారలేదు. కొమురయ్య లేచాడు. మెల్లగా సీను దగ్గరికి వచ్చాడు.

“దాటలే అని ఒక్క మాటంటె అయిపోవు గదరా. గిప్పుడు ఎవడు కాదంటడు?”

“తెల్వంది ఎట్లంట అన్నా?”

కొమురయ్య వరుస వైపు తిరిగి, “జర జరుగుండ్రి” అన్నాడు.

అందరూ జరిగారు. మల్లయ్య కాసేపు దగ్గి, పేర్ల పట్టీ తీసి మొదటి నుంచి మళ్లీ చదివాడు. సీను పేరు కొట్టివేత కిందనుంచి చదవడానికి కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వచ్చింది.

నన్నెవరూ మెచ్చుకోలేదు. “చూడకుంట ఎట్ల ఊదుతవ్ సార్?” అని ఇద్దరు ముగ్గురు నిలదీశారు. ఆ ఏడాదంతా భూపాలపల్లి నుంచి నాకు పిలుపు రాలేదు. యాదగిరి సార్ మాట అంతవరకు నిజమే. మరుసటి ఏడు వాళ్లే పిలిచారు.

ఆ సాయంత్రం దాకా నేనూ అక్కడే కూచున్నాను, రేగొండ విస్తర్ల బలంతో. అయిదింటికి నిమ్మరసం బకెట్ వచ్చింది. మొదటి గ్లాసు ఎవరికియ్యాలని మల్లయ్య అడిగాడు.

“గోల్‌కీపర్‌కియ్యి” అన్నాడు కొమురయ్య. “పట్టుకుంటడో ఇడిశిపెడ్తడో సూద్దాం.”

వరుసంతా గొల్లుమంది. సీను కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే. గ్లాసు రెండు చేతులా అందుకున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు. అది మాత్రం నేను దగ్గర నిలబడి చూశాను.